వర్జ్యం వచ్చేలోపు లినక్స్

మా మావగారి వైపు ఏడు తరాలు, నాలుగొందల పదకొండు మంది. అందులో ఎప్పుడో పోయినవాళ్లున్నారు, గుండ్రాయిలా ఉన్నవాళ్లున్నారు, పోయిన నెలలో పుట్టిన పసిగుడ్డు కూడా ఉంది. అంతమందినీ ఒక్క ఆదివారం పొద్దున, ఒక్క నొక్కుతో తుడిచిపెట్టిన మహానుభావుణ్ని నేనే. ఇదిగో, మీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను. అప్పుడే నవ్వకండి. నవ్వడానికి ఇంకా చాలా ఉంది.

కానూరులో మా ఇంట్లో, హాల్లో ఒక మూల, పదకొండేళ్ల నాటి కంప్యూటర్ ఒకటుంది. పొద్దున్నే ఆన్ చేసి, వెళ్లి స్నానం చేసి, ఇడ్లీ తిని, పేపర్ చదివి వస్తే అప్పటికి పాస్‌వర్డ్ అడిగేది. మౌస్ కదిపితే ఆ బాణం గుర్తు కాసేపు ఆలోచించుకుని, సరేలే పాపం అన్నట్టు కదిలేది. దానికి తోడు ఇకమీదట మీ సిస్టమ్‌కి అప్‌డేట్లు రావు అని రోజూ ఒక నోటీసు. కొత్తది కొనొచ్చుగా అంటారు మీరు. నేను ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషిని. మనిషే యంత్రాన్ని నడపాలి, యంత్రం మనిషిని నడపకూడదు అని ఏటా ఫస్టియర్ పిల్లలకి డైలాగులు కొట్టేవాణ్ని. ఒక నోటీసుకి భయపడి కొత్తది కొంటే నా పరువేం కావాలి?

సరిగ్గా అప్పుడే మా బావమరిది కిరణ్ దిగాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. వాడు మా ఇంటికొస్తే కాళ్లు కడుక్కోకముందే ఆ కంప్యూటర్ వైపు చూసి నిట్టూరుస్తాడు, ఐసీయూ బయట నిలబడ్డ చుట్టంలాగా.

"విండోస్ బదులు లినక్స్ వేసేద్దాం బావగారూ. రెక్కలొచ్చినట్టు ఎగురుతుంది."

"నాకు రాదయ్యా అవన్నీ. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు, ఆ గోలంతా నావల్ల కాదు."

"ఆ రోజులు పోయాయండీ! ఇది బిగినర్ ఫ్రెండ్లీ. మా ఫ్రెండు వాళ్ల అమ్మమ్మ కూడా ఇదే వాడుతోంది."

ఈ అమ్మమ్మ ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. లినక్స్ వాళ్లని ఎవరిని కదిపినా ఆవిడ పేరే చెప్తారు. ఒక్కరింట్లో కూడా ఆవిడ కనపడదు. అయినా నాకు రోషం వచ్చింది. ఎనభై ఏళ్ల ముసలావిడ వాడగా లేనిది, ఎమ్మెస్సీ ఫిజిక్స్ నేను వాడలేనా? "పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి వెళ్లు, నేను చూసుకుంటా," అన్నాను. ఆ లినక్స్‌లో మళ్లీ వంద రకాలున్నాయట. వాడు ఇచ్చిన రకం పేరు మాత్రం చెప్పను. దాని భక్తులు కర్రలు పట్టుకుని కానూరు వచ్చేస్తారు.

ఇంతకీ ఆ కంప్యూటర్‌ని నిజంగా వాడేది నేను కాదు. మా మావగారు. ఆయనది కంకిపాడు. హైస్కూల్లో ముప్పై రెండేళ్లు డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మనిషి రిటైరయ్యాడు గానీ గొంతు కాలేదు. ఆయన మంచినీళ్లు అడిగినా సావధాన్ చెప్పినట్టే ఉంటుంది, లేచి నిలబడాలనిపిస్తుంది. మా అత్తగారు పోయి నాలుగేళ్లయింది. ఆవిడ పోయాక ఆర్నెల్లు ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చి, "మన వంశవృక్షం రాద్దామనుకుంటున్నా బాబూ, మీ అత్తగారితో మొదలుపెట్టి," అన్నారు.

అప్పటినుంచి సోమవారం, గురువారం కంకిపాడులో బస్సెక్కి వచ్చేవారు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవారు. పిల్లల్ని లైన్లో నిలబెట్టిన వేలది. ఆ వేలితో ఒక్కో అక్షరం వెతికి పొడుస్తూ మూడేళ్లు టైపు చేశారు. ఉయ్యూరు వాళ్ల శాఖ, గన్నవరం వాళ్ల శాఖ, అవనిగడ్డ వాళ్ల శాఖ. ఫోన్లు చేసి, "మీ తాతకి నాన్న పేరేంటి? తెలీదా? సిగ్గులేదూ!" అని తిట్టి మరీ రాబట్టేవారు. మొదటి రెండు పేజీలు మాత్రం మా అత్తగారి గురించి. అవి ఎవరినీ చదవనిచ్చేవారు కాదు. ఆయన డెబ్భయ్యో పుట్టినరోజుకి కంకిపాడులో కల్యాణ మండపం మాట్లాడారు. వచ్చిన ప్రతివాళ్ల చేతిలో ఆ పుస్తకం పెట్టాలని ఆయన కోరిక. అంతకుమించి ఈ ప్రపంచంలో ఆయనకి ఏ కోరికా లేదు.

మరి ఆ నోట్‌బుక్కులేవి అంటారా? అక్కడికే వస్తున్నా. అవి మా ఇంట్లో టీవీ కింద దుమ్ముకొట్టుకుపోతుంటే నేనే అన్నాను, "ఇంకా ఈ చెత్తెందుకు మావయ్యగారూ, అంతా సిస్టమ్‌లో ఉందిగా!" అని. ఆయన నన్ను నమ్మి పాత పేపర్ల బండికి వేసేశారు. పోనీ ఇంటర్నెట్‌లో ఎక్కడైనా ఒక కాపీ దాచుకోండి అని కిరణ్ చెప్పాడు. మన ముత్తాతల పేర్లు ఎవడి సర్వర్లోనో ఎందుకురా, మనకి హార్డ్ డిస్క్ లేదా అని వాణ్ని చిన్నచూపు చూసింది కూడా నేనే. చూశారా, ఎంత పకడ్బందీగా ఏర్పాట్లు చేసుకున్నానో!

ఫంక్షన్ ఇంకో మూడు వారాలుందనగా, ఇక ఈ డబ్బా మధ్యలో ఆగిపోతే కష్టం, లినక్స్ వేసేద్దాం అనుకున్నాను. ఆ మాట మావగారి చెవిన వేశాను. అదే పొరపాటు.

"ఎప్పుడు?"

"ఆదివారం ఖాళీయే కదండీ. పొద్దున ఎప్పుడో ఒకప్పుడు."

"ఎప్పుడో ఒకప్పుడేంటి బాబూ! లోపల మన పెద్దవాళ్లు ఏడు తరాల వాళ్లున్నారు. వాళ్లని కొత్త ఇంట్లోకి మారుస్తున్నాం. గృహప్రవేశమేగా ఇది? ఆగండి, టైం చూస్తా."

నాకు ఒళ్లు మండింది. వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం, ఇవన్నీ వింటే నాకు దద్దుర్లు వస్తాయి. గడియారం ముల్లుకి మంచేంటి, చెడేంటి? క్లాసులో దీని మీద నేను అరగంట ఉపన్యాసం ఇస్తాను, పిల్లలు బాగా నవ్వుతారు కూడా. అయితే మావగారు క్లాసులో కూర్చోరుగా. నోరు మూసుకుని, "అలాగేనండి," అన్నాను. మా ఆవిడ పద్మ వంటింట్లోంచి నన్ను చూసి ముసిముసిగా నవ్వుకుంది.

ఆదివారం పది గంటల ఆరు నిమిషాలకి మంచి టైం మొదలు. పది నలభై ఒకటికి వర్జ్యం పట్టుకుంటుంది. ఆలోపు పని మొదలైపోవాలి. మావగారు ఎనిమిదింటికే తెల్లపంచె, కండువాతో దిగిపోయారు. సంచీలోంచి కొబ్బరికాయ, అరటిపళ్లు, పసుపు, కుంకుమ తీశారు. మానిటర్‌కి బొట్టు, కీబోర్డుకి బొట్టు, సీపీయూ డబ్బాకి నిలువునా పసుపు. నా మౌస్‌కి పూసిన పసుపు ఇప్పటికీ పోలేదు, చూడాలంటే ఇంటికి రండి. నేను మాత్రం పెసరట్టు మీద పెసరట్టు లాగిస్తూ, మూఢనమ్మకాలు ఈ దేశాన్ని ఏం చేస్తున్నాయో పద్మకి వివరిస్తున్నాను.

"ముందు ఉన్నవన్నీ కాపీ చేసుకోండి ఏవండీ. కిరణ్ పదిసార్లు చెప్పాడు," అంది పద్మ.

"అదెంతసేపు, పావుగంట!"

పది కావస్తుండగా చేతులు కడుక్కుని, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గుచ్చి, డీ డ్రైవ్ మొత్తం సెలెక్ట్ చేసి కాపీ కొట్టాను. టైం ఎంత పడుతుందో కింద చూపిస్తుంది కదా. పదిహేను నిమిషాలు అంది. ఆహా అనుకున్నాను. రెండు గంటలు అంది. ఒక రోజు అంది. మళ్లీ నలభై నిమిషాలు అంది. పెళ్లిచూపులకి బయల్దేరామని ఫోన్లో చెప్పే మగపెళ్లివారి మాట కూడా దీనికంటే నయం.

పదీ ఆరు అయింది. మావగారు బయట గుమ్మంలో కొబ్బరికాయ కొట్టి లోపలికొచ్చారు. "కానివ్వండి బాబూ."

"ఒక్క నిమిషం మావయ్యగారూ, కాపీ అవుతోంది."

పదీ పదిహేను. పది శాతం. పదీ ఇరవై అయిదు. ఇరవై రెండు శాతం. మావగారు నా కుర్చీ వెనక అటూ ఇటూ నడవడం మొదలెట్టారు. డ్రిల్ మాస్టారి నడక. నాలుగడుగులు, గిర్రున తిరగడం, నాలుగడుగులు. "పదిహేను నిమిషాలు!" అన్నారు. నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. "పన్నెండు!" నాకు చెమటలు. ఏడో క్లాసులో హైజంప్ ముందు కూడా నాకు ఇంత దడ పుట్టలేదు.

పదీ ముప్పైకి ముప్పై ఒక్క శాతం. "మన పుస్తకం ఎక్కిందా బాబూ?" అని అడిగారాయన.

ఇక్కడ ఆగి ఒక్కసారి నన్ను తిట్టుకోనివ్వండి. చూడాలి కదా? హార్డ్ డిస్క్ తెరిచి, ఆ ఫోల్డర్ ఉందో లేదో చూడటానికి అయిదు సెకన్లు పడుతుంది. నేను చూడలేదు. ఆయన లెక్కపెడుతున్నారు, టైం అయిపోతోంది, ఆ గొంతు ఒకటి నా నెత్తిమీద. "ఆ, ఎక్కేసిందండీ, ఎక్కేసింది," అనేసి కాపీకి క్యాన్సిల్ కొట్టాను. వర్జ్యాన్ని నమ్మనివాణ్ని, వర్జ్యం వచ్చేస్తోందని బ్యాకప్ ఆపేశాను! ఇలాంటి ఘనకార్యం నమ్మేవాడు కూడా చెయ్యడు.

కిరణ్‌కి వీడియో కాల్ చేశాను. పెన్‌డ్రైవ్ గుచ్చి రీస్టార్ట్ చేస్తే ఏదో ఒక మీట నొక్కుతూ ఉండాలట. ఏ మీట అంటే వాడికీ తెలీదు. ఎఫ్ టూ అన్నాడు, ఎఫ్ ట్వెల్వ్ అన్నాడు, డిలీట్ అన్నాడు. బిగినర్ ఫ్రెండ్లీ! నేను హార్మోనియం వాయించినట్టు అన్నీ వాయించాను. మూడోసారికి లినక్స్ బొమ్మ తెర మీదకొచ్చింది. అప్పటికి పదీ ముప్పై ఆరు.

"అయిదు నిమిషాలు!"

భాష అడిగింది, నొక్కాను. ఊరు అడిగింది, నొక్కాను. తర్వాత ఒక ప్రశ్న వేసింది. పాత సిస్టమ్‌ని అలాగే ఉంచి దాని పక్కన నన్ను ఎక్కిస్తావా, లేక డిస్క్ మొత్తం తుడిచేసి ఎక్కిస్తావా? నేను పైకే చదివాను. పక్కన అనేదాని మీద నొక్కితే, చోటు సర్దడానికి చాలాసేపు పట్టొచ్చు అని ఇంకో మాట వచ్చింది.

"పాతదాన్ని ఉంచుకుని కొత్తది ఎక్కించడమేంటి బాబూ!" అన్నారు వెనకనుంచి మావగారు. "పాత సామాను ఇంట్లో పెట్టుకుని ఎవరైనా పాలు పొంగిస్తారా? శుభ్రంగా కడిగెయ్యండి. మూడు నిమిషాలు!"

ఫోన్లో కిరణ్, "బ్యాకప్ ఉందిగా బావగారూ? ఉంటే కళ్లు మూసుకుని కొట్టెయ్యండి," అన్నాడు.

కళ్లు తెరుచుకునే కొట్టాను. ఎర్రటి అక్షరాలతో, డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది, సరేనా, అని కూడా అడిగింది పాపం. లినక్స్‌ని ఎన్ని తిట్టినా ఆ ఒక్క విషయంలో దాని తప్పు లేదు. పదీ ముప్పై తొమ్మిదికి సరే అన్నాను. మావగారు, "శుభం!" అన్నారు. పద్మ చప్పట్లు కొట్టింది. మిగతా ఇన్‌స్టాలేషన్ అంతా నిండు వర్జ్యంలోనే జరిగింది. మొదలెట్టింది మంచి టైంలో కాబట్టి పర్లేదట. ఈ శాస్త్రంలో సౌకర్యం ఎప్పుడూ ఉంటుంది.

అయిపోయాక ఆన్ చేస్తే, నమ్మరు, నేను కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపు తెర వెలిగింది. తళతళా మెరుస్తోంది. మౌస్ పాదరసంలా జారుతోంది. మావగారు కళ్లజోడు తుడుచుకుని నా కుర్చీలో కూర్చున్నారు. "అద్భుతం బాబూ. ఏదీ, మన పుస్తకం తీయండి. గన్నవరం వాళ్ల మనవరాలిని ఎక్కించాలి."

హార్డ్ డిస్క్ గుచ్చాను. తెరిచాను. నా పాత సినిమాలు, అన్నీ భద్రం. పద్మ డౌన్‌లోడ్ చేసుకున్న సీరియల్ ఎపిసోడ్లు, ఒక్కటీ పోలేదు. మా అమ్మాయి చిన్నప్పుడు చూసిన కార్టూన్లు ఉన్నాయి. న్యూ ఫోల్డర్ ఉంది, న్యూ ఫోల్డర్ రెండు కూడా వచ్చింది. నా సర్వీసంతా పోగేసిన ఫిజిక్స్ క్వశ్చన్ పేపర్లు సగందాకా వచ్చాయి. అక్కడితో ఆఖరు.

అప్పుడు వెలిగింది నాకు. కాపీ అయ్యేది పేర్ల వరసలో. ముందు ఇంగ్లీషు పేర్లన్నీ ఏ నుంచి జెడ్ దాకా అవ్వాలి, ఆ తర్వాతే తెలుగు పేర్లు. మావగారి ఫోల్డర్‌కి "వంశవృక్షం" అని తెలుగులో పేరు పెట్టింది ఎవరు? నేనే. అమ్మభాష మీద అభిమానంతో, అచ్చ తెలుగులో, అందంగా. మూడేళ్ల కష్టాన్ని తీసుకెళ్లి క్యూలో అందరికంటే చివర నిలబెట్టాను.

మావగారు ఆ చూపుడువేలు కీబోర్డు మీద సిద్ధంగా పెట్టుకుని నావైపే చూస్తున్నారు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "కొత్త సిస్టమ్ కదండీ, తెలుగు ఇంకా ఎక్కించాలి. రెండు రోజుల్లో రెడీ అవుతుంది," అన్నాను. ఒక్క పూటలో రెండో అబద్ధం. పాపం, ఆయన ఒక అరటిపండు నా చేతిలో పెట్టి, నన్ను మెచ్చుకుని బస్సెక్కారు.

ఆ తర్వాత రెండు రోజులు నేను పడ్డ పాట్లు ఎన్నని చెప్పను! ఇంటర్నెట్‌లో లినక్స్ వాళ్ల చర్చావేదిక ఒకటుంటే అందులో ఏడ్చుకుంటూ రాశాను. మొదటివాడు, బ్యాకప్ తీసుకోలేదా అన్నాడు. రెండోవాడు, బ్యాకప్ ఎందుకు తీసుకోలేదు అన్నాడు. మూడోవాడు మొదటివాడు ఆ ప్రశ్న అడిగిన తీరు బాలేదన్నాడు. వాళ్లిద్దరూ ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు, నా సంగతి ఎవరికీ గుర్తులేదు. ఊళ్లో ఒక డేటా రికవరీ షాపుకి సీపీయూ మోసుకెళ్లాను. అతను దాని మీద పసుపు చూసి, నన్ను చూసి, "పూజ చేసి మరీ తుడిచారా సార్?" అన్నాడు. సాయంత్రం దాకా వెతికి పెదవి విరిచాడు. పైన కొత్తది పరిచేశారు, స్లాబ్ పోశాక కింద పడ్డ ఉంగరం వెతకమంటే ఎలా సార్ అన్నాడు.

కిరణ్‌కి ఫోన్ చేసి చెడామడా తిట్టాను. అంతా విని వాడన్నాడు కదా, "సరేగానీ బావగారూ, సిస్టమ్ ఎంత ఫాస్ట్ అయిందో చూశారా?"

"ఎందుకవ్వదురా! అందులో ఏముంది గనక!"

బుధవారం పద్మ ఒకటే మాట చెప్పింది. "రేపు నాన్న వచ్చి ఆ కుర్చీలో కూర్చునేలోపు మీరే వెళ్లి చెప్పండి. అమ్మ గురించి రాసింది కూడా పోయిందని చెప్పండి. నా వల్ల కాదు." నిజంగా సిగ్గేసింది. ఆ రెండు పేజీలు ఎవరికి ఫోన్ చేస్తే దొరుకుతాయి?

కంకిపాడు వెళ్లాను. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, ఫంక్షన్‌కి పిలవాల్సినవాళ్ల లిస్టు రాసుకుంటున్నారు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. కాపీ ఆపింది, చూడకుండా ఎక్కేసిందన్నది, తెలుగు ఎక్కించాలని బొంకింది, అన్నీ చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టారు. ఆ గొంతు ఒక్కసారి అరిస్తే బాగుండును అనిపించింది, అరవలేదు.

చివరికి అడిగారు. "ఎక్కేసింది అని మీరు చెప్పినప్పుడు టైమెంత బాబూ?"

"పదిన్నరండి."

"అంటే ఇంకా వర్జ్యం రాలేదు."

"రాలేదండి."

"మంచి టైంలో అబద్ధం చెప్తారా అండీ ఎవరైనా!" అన్నారు, నిజంగా బాధపడుతూ. "నలభై ఒకటి దాటాక చెప్పినా సరిపోయేదిగా!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేశాను. ఆయన లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చారు. తాగి వెళ్లమన్నారు. ఫంక్షన్ దాకా ఇంకేమీ మాట్లాడలేదు.

ఇక ఫంక్షన్ రోజు. కల్యాణ మండపం నిండిపోయింది. పుస్తకమేదీ అని వచ్చినవాళ్లు వచ్చినట్టే అడుగుతున్నారు. నేను పూలదండల వెనక, కుర్చీల వెనక, ఎక్కడ సందు దొరికితే అక్కడ దాక్కుంటున్నాను. మావగారు స్టేజీ ఎక్కారు. మైకు ఇవ్వబోతే వద్దన్నారు. ఆ గొంతుకి మైకెందుకు!

"పుస్తకం లేదు. మా అల్లుడుగారు కంప్యూటర్‌కి లినక్స్ అనేదొకటి వేశారు. అది వేస్తే ఇంక ఏదీ మిగలదు. దేవుడు దిగొచ్చినా తేలేడట."

మూడొందల తలలు నా వైపు తిరిగాయి. దండ వెనక ఉన్నా కనిపెట్టేశారు.

"అందుకని ఇప్పుడే ఇక్కడే తయారు చేద్దాం. అందరూ లేవండి! నాలుగో తరం కుడివైపు! అయిదో తరం ఎడమవైపు! ఆరో తరం మధ్యలో! చిన్నపిల్లలు ముందు వరస! ఎవరక్కడ సెల్‌ఫోను, లోపల పెట్టు!"

నమ్ముతారో లేదో, భోజనాలకొచ్చిన జనం పట్టుచీరలతో, సిల్కు చొక్కాలతో లైన్లు కట్టేశారు. వాళ్లలో సగంమంది ఆయన దగ్గర డ్రిల్లు చేసినవాళ్లేగా. ఆయన తలలోంచే మొదటి తరం నుంచి పేర్లు పిలవడం మొదలెట్టారు, అటెండెన్స్ తీసినట్టు. నూట యాభై ఏళ్ల కిందటి పెద్దాయన పేరు పిలిస్తే, వెనకనుంచి ఒక పిల్లవాడు, "ఆబ్సెంట్ సార్!" అని అరిచాడు. మండపమంతా గొల్లుమంది. ఆయనా నవ్వారు. తర్వాత మరి ఆగలేదు. ఆయన మర్చిపోయిన పేర్లు ముసలమ్మలు అందించారు. గన్నవరం వాళ్లకి గుర్తులేనివి అవనిగడ్డ వాళ్లు అరిచి చెప్పారు. అయిదో తరంలో ఎవరు పెద్ద అన్న దగ్గర ఒక చిన్న గొడవ కూడా అయింది. తన వరస రాగానే మావగారు స్టేజీ దిగి వచ్చి నిలబడ్డారు. పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. మా అత్తగారి పేరు తానే పిలిచి, "ప్రెజెంట్," అని తానే చెప్పారు. పద్మ వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. నాకు కళ్లు మసకబారాయి.

నేను కూడా ఏదో ఒక వరసలో దూరదామని, "నేనెక్కడ నిలబడాలి మావయ్యగారూ?" అన్నాను.

"మీరు నిలబడకండి. మీరు రాయండి," అన్నారు. "పెన్నుతో."

రాశాను. మూడు గంటలు, రెండు నోట్‌బుక్కులు. వేళ్లు వంకర్లు పోయాయి. అన్నాలు చల్లారిపోయాయని వంటవాళ్లు కూడా నన్నే తిట్టారు. అన్నీ అయ్యాక చివరి బంతిలో ఆకు ముందు కూర్చుంటే, హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన వీరయ్యగారని, మా ఆవిడకి బాబాయి వరస, వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"అల్లుడుగారూ, మీతో చిన్న పనుంది. మా తోడల్లుడి కొడుకు పెళ్లి ఊరేగింపులో నేను కొంచెం డాన్స్ చేశానండి. కొంచెం కాదు, రోడ్డు మీద దొర్లాను. ఆ వీడియో వాళ్లింట్లో కంప్యూటర్లో ఉంది. ఇంటికొచ్చినవాళ్లందరికీ కాఫీతో పాటు అది చూపిస్తున్నాడు మా తోడల్లుడు. మీరొకసారి వాళ్లింటికెళ్లి, ఆ లినక్స్ ఏదో ఎక్కించి రాగలరా?"

"దానికి లినక్స్ ఎందుకండీ, డిలీట్ కొడితే పోతుంది కదా!"

"వద్దొద్దు. డిలీట్ కొడితే మళ్లీ తెస్తారట. మీరు చేస్తే మాత్రం రాదట. ఇందాక మీ మావగారే చెప్పారుగా!"

ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నానండీ. ఇంతమంది చుట్టాల్లో ఒక్కరంటే ఒక్కరు వచ్చి ఒక్క సందేహం అడిగిన పాపాన పోలేదు. నా చదువు మీద నమ్మకంతో ఈ వంశంలో నన్నొక పనికి పిలవడం ఇదే మొదటిసారి. కాదనగలనా? వచ్చే ఆదివారం హనుమాన్ జంక్షన్ వెళ్తున్నాను.